ఒండ్రులో కుడి పాదం

దొరసానిగారి పాదాన్ని నేను ఏనాడూ ముట్టుకోలేదు. ఆమె జోళ్ళకు కొలత ఒండ్రుమట్టి మీదే తీసుకున్నాను.

అమలాపురం దగ్గర, కొత్తగా తవ్విన కాలువ ఒడ్డున మా పేట. తోలు పని మా ఇంటి పని. ఊరివీధిలో అడుగుపెడితే నేను కుట్టిన చెప్పులు నేనే చేతబట్టుకుని నడవాలి. పెద్దిళ్ళవాళ్ళ కాళ్ళు ముట్టుకోకూడదు గనక వాళ్ళను తడి ఒండ్రు మీద అడుగు వేయమని, ఆ అచ్చు ప్రకారం తాటాకు కత్తిరించుకునేవాళ్ళం. ప్రభువును నమ్ముకుని, అక్షరాలు నేర్చుకుని, సంఘంలో వాక్యం చదివేవాణ్ణయ్యాక కూడా ముట్టుకోకూడదన్న ఆ భయం నన్ను వదల్లేదు.

దొరసానిగారు జర్మనీ దేశం నుంచి వచ్చిన బోధకుడిగారి భార్య. ఆ ఏడు మా పేటలో ప్రార్థన మందిరం కట్టడం పూర్తయింది. వాళ్ళ ఊళ్ళో మందిరం ప్రతిష్ఠ రోజున ఆడవాళ్ళు తాతల నాటి తీరు దుస్తులు వేసుకుంటారట. తల్లి కుట్టి ఇచ్చినవి ఆమె పెట్టెలో ఉన్నాయి. ముందువైపు తాళ్ళతో బిగించే నల్ల రవిక, కుచ్చుల పావడా, దానిమీద కట్టుకునే తెల్లబట్ట. వాటితో తెచ్చుకున్న జోళ్ళను మాత్రం మా వానలు తినేశాయి. తోలంతా బూజుపట్టి రాలిపోగా పైనుండే వెండి బిళ్ళలు రెండే మిగిలాయి. కొత్త జోళ్ళు ఆ బట్టలకు తగ్గట్టు అందంగా ఉండాలని, పూటంతా నిలబడినా నొప్పి పెట్టకూడదని చెప్పి, కొలుచుకోమని ఆమె కాలు చాపింది.

నేను వెనక్కి జరిగాను. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి అంతకు ముందు ఆదివారమే సంఘానికి చదివి వినిపించాను. అయినా నా చెయ్యి లేవలేదు. మా పద్ధతి విని ఉందేమో, ఆమె తానే కాలువ రేవులోకి దిగి ఒండ్రు మీద నిలబడింది.

ఎడమ పాదం నిండుగా పడింది. కుడి పాదంలో చిటికెనవేలి వైపు అచ్చు లేదు. బరువంతా లోపలివైపే. అక్కడ పుండు ఉందని, దాన్ని ఆనించకుండా కాచుకుంటోందని నాకు తెలిసిపోయింది. నేను అడగలేదు.

రెండు జతలు కుట్టాను. ఒకటి మెత్తటి మేకతోలు చెప్పులు, వేళ్ళకు ఏమీ తగలనివి. రెండోది మూసి ఉండే నల్ల జోడు. సన్నని మొన, చిన్న మడమ, పైన ఆ వెండి బిళ్ళలు. అలాంటిది మా వంశంలో ఎవరూ కుట్టి ఉండరు. పది రోజులు దానిమీదే కూర్చున్నాను. మా ఇంటిది చూసి చూసి, "ఆవిడ నడవడానికి చేత్తన్నావా, ఊరోళ్ళు చూడ్డానికి చేత్తన్నావా?" అంది. నేను వెండి బిళ్ళకు ఇంకో కుట్టు వేశాను.

శనివారం ఆమె ఆ దుస్తుల్లో అరుగు మీద రెండు జతలూ వేసి చూసుకుంది. చెప్పులు వేసుకున్నప్పుడు ముఖం తేలికపడింది. కానీ కుచ్చుల పావడా కింద అవి మొరటుగా ఉన్నాయి. నల్లవి వేసుకుని మెల్లగా నాలుగడుగులు నడిచి, బిళ్ళల వంక చూసుకుంది.

"ఏవి వేసుకోను? మీరే చెప్పండి."

"నల్లవండి. ఆ బట్టలకి అవే అందమండి."

"నొప్పి పెట్టవు కదా?"

"నడవగా నడవగా తోలు సాగుద్దండి."

తోలు సాగే మాట నిజమే. అది సాగేలోగా ఆ కాలికి ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

మర్నాడు ప్రతిష్ఠకు వచ్చిన సంఘమంతా ఆ జోళ్ళను చూసింది. కాలువ గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్ళు సైతం ఎవరు కుట్టారని అడిగారు. ఆనాటి ప్రసంగంలో ఒక్క మాటా నాకు గుర్తులేదు. ఆఖరి ప్రార్థనకు ఆమె స్తంభాన్ని పట్టుకుని నిలబడటం మాత్రం గుర్తుంది.

సాయంత్రానికి మేజోడు నెత్తురుతో పాదానికి అతుక్కుపోయిందట. జ్వరం వచ్చింది. పడవలో వచ్చిన వైద్యుడు రెండు వేళ్ళు తీసేశాడు. మూడు నెలల తర్వాత గాని ఆమె మంచం దిగలేదు. అప్పుడు వెళ్ళి ఒప్పుకున్నాను.

"ఒండ్రు మీద చూసేనండి. పుండుందని తెలిసే నల్లవి వేసుకోమన్నానండి."

ఆమె తన కుడి పాదం వంక చూసుకుంది. "నాకూ అవే వేసుకోవాలనిపించింది. మీ చేత అనిపించుకున్నాను," అంది.

నన్ను క్షమించానని కూడా చెప్పింది. ప్రభువూ క్షమించాడనే నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ మోకరించాను, కానీ లేచేటప్పుడు బరువు తగ్గినట్టు ఏనాడూ అనిపించలేదు.

ఆ వేసవిలో వాళ్ళు స్వదేశానికి బయల్దేరారు. ఆమె కుడి కాలికి గుడ్డ చుట్టుకుని, కర్ర పట్టుకుని రేవులోకి దిగింది. పడవ ఎక్కించడానికి నేను చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకోవడానికి ఆమె ఏమీ ఆలోచించలేదు. పడవ మలుపు తిరిగాక ఒండ్రు వంక చూశాను. నిండుగా ఎడమ పాదం, పక్కన కర్ర దిగిన గుంట, ఆ పక్కన సగం పడిన కుడి పాదం. తాటాకు తెచ్చి ఆ సగం పాదానికి కొలత కత్తిరించుకున్నాను. ఆ కొలతకు ఇంతవరకూ ఏమీ కుట్టలేదు.