మచ్చ లేని బండి

ఫోనులో ప్రకటన చూసి నరసరావుపేట నుంచి దుర్గి పక్కన ఒక ఊరికి వెళ్ళాను. పాత ఫోర్ వీల్ డ్రైవ్ జిప్సీ, ర్యాలీ పందేల్లో పేరు మోసిన రకం, మొదటినుంచీ ఒకే ఓనరు, 'మచ్చ లేదు' అని రాశాడు. కాలేజీలో లెక్కలు చెప్పుకుని బతికే నాకు చదువుకునే రోజుల నుంచీ ఆ బండంటే పిచ్చి.

ఓనరు అరవై దాటిన రైతు. రేకుల షెడ్డులో బండి మీద పట్టా, పట్టా కింద దుప్పటి. దేవుడి పెట్టె తెరిచినంత భక్తిగా ఒక్కొక్కటే తీశాడు. అబద్ధమెందుకు, చూడగానే నా గుండె ఝల్లుమంది. రంగు ఎక్కడా వెలిసిపోలేదు, ఒక్క గీత లేదు.

తలుపు తెరిచాక ముక్కు మూసుకున్నాను. షోరూములో తొడిగిన ప్లాస్టిక్ తొడుగులు ఇంకా సీట్లకే ఉన్నాయి. పసుపుపచ్చగా మారి, కింద గుడ్డకు అంటుకుపోయి, ఎలుకల కంపు, కలరా ఉండల కంపు కలిపి కొడుతున్నాయి. మా వైపు ఇదొక జబ్బు. సోఫాకు, ఫ్రిజ్‌కు, ఆఖరికి టీవీ రిమోటుకు కూడా కవరు ఊడదీయరు. చిరిగితే టేపు వేస్తారు. కొన్నది వాడుకోవడానికని ఎవరికీ తట్టదు.

"ఏమాత్రం తిరిగింది?" అన్నాను.

"గుడికి, పెళ్ళిళ్ళకి. అదీ ఎండాకాలమే. వారానికోసారి స్టార్ట్ చేసి ఆపుతా. దీనికి బురదంటే ఏందో తెలవదు సార్."

"మరి గేరు పక్కన ఈ రెండో లివరు?"

"నాలుగు చక్రాలు లాగేదా? ఒక్కసారి కూడా ఎయ్యలా. కొత్తది కొత్తగానే ఉంది."

బురదలో దూకడానికే పుట్టిన బండిని బురద తగలకుండా దాచానని మురిసిపోతున్నాడు మహానుభావుడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అంతలో ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. కుంటుతోంది. చూపు కిందికి పోయింది. కుడి పాదం సగమే ఉంది.

"కావాలంటే మా ఇంటిదాన్నే అడగండి," అన్నాడు ఆయన హుషారుగా. "బండి కొన్న కొత్తల్లో మిరప చేలో రక్తపింజర కరిచింది దీన్ని. చానా పెద్ద వాన. అందరూ జిప్సీ తియ్యమనేవాళ్ళే. నేను తీస్తానా? ట్రాక్టరెక్కిచ్చి పంపిచ్చా. అది వాగులో దిగబడి తెల్లారిందాకా కదల్లా. దేవుడి దయ, పాదంతో పోయింది. అట్టా చూసుకున్నా సార్ బండిని."

బేరానికి పనికొచ్చే సాక్ష్యంలా చెప్పాడు ఆ మాట! ఛీ, ఇలాంటివాడి వాకిట్లోనా నేను నిలబడింది అనిపించింది. ఆమె మాత్రం బానెట్ మీద పడిన నా వేలిముద్రలను కొంగుతో తుడుస్తోంది. ఎన్నేళ్ళ అలవాటో. గ్లాసు కింద పెట్టి, "నాకొద్దు లెండి," అని బయటికి నడిచాను.

ఆమె నా వెనకే వచ్చింది.

"రోత పుట్టి పోతన్నావా అన్నయ్యా?" అంది మెల్లగా. "నువ్వు పోతే రేప్పొద్దున మళ్ళా నేనే తుడవాల దాన్ని. తీస్కపో."

వెనక్కి వెళ్ళి, నడిపి చూస్తానని తాళాలు అడిగాను. బండిని వాకిట్లోకి తెచ్చి, పక్క తలుపు తీసి, "ఎక్కమ్మా," అన్నాను. ముందు రోజు వానకు వాకిలంతా నల్లరేగడి బురద.

"ఒసేయ్, కాళ్ళు కడుక్కోని ఎక్కు!" అని అరిచాడు మొగుడు.

ఆమె నీళ్ళ తొట్టి వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆ బురద కాళ్ళతోనే ఎక్కి, ప్లాస్టిక్ చిటపటలాడుతుంటే సర్దుకుని కూర్చుంది. ఆయన గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చే లోపల నేను బండి కదిలించాను.

"ఎటు పోదామమ్మా?"

"గవర్నమెంటాసుపత్రికి. ట్రాక్టరు పోయిన దోవనే పోనీ. ఎంతసేపు పడుద్దో చూస్తా."

వాగు మీద ఇప్పటికీ వంతెన లేదు. గట్టు దిగే ముందు ఆ రెండో లివరు వేశాను. బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగితే గానీ పడలేదు. మోకాలి లోతు నీళ్ళు, కింద జిగట బురద. బండి ఒకసారి ముందుకు తూలి, నాలుగు చక్రాలూ పట్టు దొరకబుచ్చుకుని, అవతలి గట్టు గబగబా ఎక్కేసింది. అద్దం నిండా బురద చిమ్మింది. ఆమె ముందున్న రాడ్డు గట్టిగా పట్టుకుంది.

తారురోడ్డెక్కిన కాసేపటికే ఆసుపత్రి గేటు కనిపించింది. దాని ముందు బండి ఆపాను. ఆమె గేటు వైపు చూసింది, వచ్చిన దారి వైపు చూసింది.

"ఇంతేనా?" అంది.