పసుపు రాసిన ఫ్లాపీ

ఎనభైల చివర్లో గుంటూరు దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసేవాణ్ణి. పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్లు కట్టే మిల్లు. నాకు పెద్ద చదువు లేదు. శాతాలూ సరాసరులూ సొంతంగా పట్టుకున్నవే. కంప్యూటర్లు అమ్మే ఆఫీసులో ఆ యంత్రాన్ని చూసిన రోజు నుంచీ నాకు మరో ధ్యాస లేదు. ఆదివారాలు అక్కడికి పోయి, వాళ్ల పుస్తకం ముందేసుకుని, ఏ ఊరి పత్తిలో దూది ఎంత దిగిందో టైపు చేసి ఫ్లాపీలో దాచాను.

మా యజమానిని బతిమాలితే చివరికి సరేనన్నారు. ఒక ఉదయం వ్యానులో యంత్రం దిగింది. నచ్చకపోతే సాయంత్రం అదే వ్యాను వెనక్కి తీసుకుపోతుంది.

"నువ్వు రాసిందేదో నా కళ్లతో నేను చదవాలయ్యా. లేదా, ఎక్కించి పంపేస్తా" అన్నారాయన.

"చదువుతారండీ" అన్నాను.

నేను వైర్లు కలిపి వచ్చేలోపు ఆయన తల్లిగారు కొబ్బరికాయ కొట్టి పూజ చేసేశారు. టీవీలాంటి పెట్టెకు బొట్టు పెట్టారు. బల్ల మీదున్న ఫ్లాపీ తడి పసుపుతో పచ్చగా మెరుస్తోంది.

"పెద్దమ్మగారూ, దీనిక్కూడా రాశారా?"

"రాయనా మరి? అసలు సరుకంతా దీన్లోనే ఉందని నువ్వేగా అన్నావు! అందుకే దీనికి బాగా పట్టించా."

మూలల్లో రాసుంటే ఇబ్బంది ఉండేది కాదు. ఆ నల్లటి చదరపు తొడుగుకు సన్నటి చీలిక ఉంటుంది. యంత్రం చదివేది అందులోంచే. తడి పసుపు సరిగ్గా అక్కడే ఉంది. వేరే నకలు లేదు.

పాడైన ఫ్లాపీ ఒకటి ఆ ఆఫీసువాళ్లు కోసి చూపించడం గుర్తొచ్చింది. లోపల పల్చటి గుండ్రటి రేకు, అంతే. కత్తెర తీసుకుని తొడుగు అంచు కోశాను. రేకును అంచులతో పట్టుకుని మంచినీళ్లలో కడిగాను.

"వంకాయ కడిగినట్టు కడుగుతున్నావేంటయ్యా!" అని యజమాని నవ్వారు.

ఫ్యాను కింద సాయంత్రం దాకా ఆరబెట్టాను. ఖాళీ ఫ్లాపీ ఒకటి కోసి, దాని తొడుగులో మా రేకును దూర్చి, యంత్రంలో పెట్టాను. దీపం వెలిగింది. గరగరమంది. తెర మీద నా ఫైలు పేరు కనబడింది! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఫైలు చూపించమని ఆజ్ఞ కొట్టగానే అక్షరాలు కింది నుంచి పైకి జరజరా పాకిపోయాయి. ఆఖరి ఊళ్లు మాత్రం మిగిలాయి.

"అదేంటయ్యా, కోతులు తరిమినట్టు పారిపోతోంది? నేనేం చదివేది?"

గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది. పుస్తకం తిరగేశాను. తెర నిండగానే ఆపే మాట ఒకటుంది. ఆజ్ఞ చివర ఒక నిలువు గీత, దాని పక్కన ఆ మాట కొట్టాను. తెర నిండింది. ఆగింది.

యజమాని కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగారు. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివారు.

"పెదకాకాని... అద్దంకి... ఏమయ్యా, పెదకాకాని కంటే అద్దంకి పత్తిలోనే దూది ఎక్కువ దిగిందా?"

"అవునండీ."

"మరి చెప్పవేం! కింద ఇంకా ఉందా?"

"ఏదో ఒక మీట నొక్కండి, వస్తుంది."

భయంభయంగా ఒక వేలితో నొక్కారు. తెర నిండా కొత్త ఊళ్లు వచ్చాయి. ఆయన చిన్నపిల్లాడిలా కేక పెట్టి, నన్ను పక్కకు జరిపి, నా కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ నొక్కారు. మళ్లీ హారన్ మోగింది.

"ఆ వ్యానువాణ్ణి ఉత్త బండే తోలుకుపొమ్మను" అన్నారు తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

నేను గేటు దాకా పరుగెత్తాను. తిరిగొచ్చి చూస్తే ఆయన ఇంకా నా కుర్చీలోనే ఉన్నారు.