అందుగు చెట్టుకు చుట్టూ పెట్టిన గాటు

మాచర్ల పక్క కొండవాలులో మా మెట్టచేను ఉండేది. దాన్ని నాయన, పెదనాయన పంచుకున్నప్పుడు నడిమి అందుగు చెట్టునే హద్దుగా పెట్టుకున్నారు. వేపాకు లాంటి ఆకు, అంచులకు రంపపు పళ్లు. బెరడు పల్చటి కాగితంలా పొరలు పొరలుగా లేచేది. ఎండలకు ఆకంతా రాలి, ఉత్త కొమ్మల మీద చిన్న తెల్లపూలు పూసేది. గాటు పెడితే జిగట బంక కారి పసుప్పచ్చగా గడ్డకట్టేది. దేవుడికి ధూపం, బాలింతకు పొగ, పుండుకు మలాం, అన్నీ దానితోనే.

నాయనమ్మ ముందు చెట్టుకు దండం పెట్టి, అరచేయంత బెరడే చెక్కేది. గాటుకు గాటు కలవనిచ్చేది కాదు. చుట్టూ కలిస్తే చెట్టు చస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక ఎండాకాలం పొద్దున నాయనతో సద్దిముంత పట్టుకుని చేనుకు వెళ్లాను. పెదనాయన గొడ్డలితో చెట్టు చుట్టూ గాటు కలిపేస్తున్నాడు.

"ఏందన్నా ఇది? బంక కోసం ఇట్టా కొడతారా?" అన్నాడు నాయన.

"నా ఇష్టం. చెట్టు నీ అబ్బదా?"

"నీ అబ్బా నా అబ్బా ఒకడేగా! హద్దు చంపి నా చేలోకి దున్నుకొద్దామనేగా?"

నాయన గొడ్డలి లాగబోయాడు. పెదనాయన కడుపులో తన్నాడు. నాయన రాయెత్తి ఆయన నోటి మీద కొడితే రెండు పళ్లు రాలాయి. మరుక్షణం గొడ్డలి నాయన కుడి ముంజేతిలో దిగింది. లోపల ఎముక తెల్లగా కనిపించింది. మేడి పట్టే చెయ్యి, నా వేలు పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దించిన చెయ్యి అది.

నా కేకలకు, మా వెనకే చేనుకు వస్తున్న నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. కొంగు చించి చేతికి బిగించి కట్టింది. పారిపోబోయిన పెదనాయన జుట్టు పట్టుకుని చెంప పగలగొట్టింది.

"యాడికి పోతావురా? నువ్వు పెట్టిన గాటేగా, ఆ బంక నువ్వే గీరి తే. వాడి చెయ్యి పోయిందా, రేపు నా పాడె ముట్టబాక."

ఆస్పత్రికి పోతే చెయ్యి తీసేస్తారని ఆమె భయం. నెల్లాళ్లు పెదనాయన రోజూ ఆకుదొప్పలో బంక తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాడు. నాయనమ్మ దాన్ని నువ్వులనూనెలో కరిగించి పట్టీ వేసేది. "మళ్లీ వాడి మొహం కనబడితే నరుకుతా" అని నాయన పళ్లు కొరికేవాడు.

చెయ్యి దక్కింది. చూపుడువేలు మాత్రం వంగలేదు. మిగతా వేళ్లతోనే నా చెయ్యి పట్టుకుని గుణింతాలు మొదలుపెట్టాడు.

తొలకరికి అందుగు చిగురు వేయలేదు. ఎండిన మాను హద్దుగా అట్లాగే నిలబడింది. దాన్ని కొట్టడానికి అన్నదమ్ములిద్దరిలో ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. ఇప్పటికీ ధూపం వేసినప్పుడు దేవుడికి ఒక దండం, ఆ అందుగు చెట్టుకు ఒక దండం పెట్టుకుంటాను.