అక్క అడిగిన కాఫీ మర

బట్టల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ సూది మాస్టారు అంటారు. నూట నలభై కుట్టుమిషన్లున్న ఆ హాల్లో ఏ మిషన్ మూలిగినా పరుగెత్తాల్సింది అతనే. మూత విప్పకముందే చక్రం మీద రెండు వేళ్ళు ఆనించి జబ్బెక్కడుందో చెప్పేస్తాడు. యాభై రెండేళ్ళొచ్చినా ఆ గొప్ప తగ్గలేదు. యంత్రం గురించి తనకి ఇంకొకరు చెప్పడమా? ఒంటికాలి మీద లేస్తాడు. మనుషుల సంగతి మాత్రం, పాపం, ఎవరో విడమరచి చెబితే తప్ప అతని తలకెక్కదు. భార్య తనని వదిలి వెళ్ళిపోతోందని ఆవిడ పెట్టె సర్దుకుని గుమ్మం దాటాక గాని అతనికి తెలియలేదు. అది పదిహేనేళ్ళ కిందటి మాట. అప్పటినుంచి అక్క దగ్గరే, రెండు గదుల వాటాలో, మూడో అంతస్తులో ఉంటున్నాడు.

అక్క అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. పెళ్ళి చేసుకోవడానికి తీరిక దొరకలేదని నవ్వుతూ అంటుంది. స్టేషన్ ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులో ఇరవై ఆరేళ్ళు కౌంటర్ వెనక నిలబడింది. ఆవిడ చేతి ఎస్ప్రెసో కోసం రైలు వదులుకున్నవాళ్ళున్నారు. ఈ సంగతి అక్క చెప్పుకోదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తమ్ముడే ఏకరువు పెడతాడు.

అలాంటిది, పోయిన చలికాలం ఉన్నట్టుండి పని మానేసింది.

"మోకాళ్ళురా. గంటల తరబడి నిలబడలేకపోతున్నా" అంది.

కొట్టు యజమాని సామాన్ల గదిలో మూలన పడున్న చిన్న ఎస్ప్రెసో యంత్రాన్ని తుడిపించి, కానుకగా ఇచ్చి పంపాడు. యంత్రమైతే వచ్చింది గాని, గింజల్ని పొడి చేసే మర రాలేదు. ప్యాకెట్లో దొరికే పొడి ఎస్ప్రెసోకి చాలనంత బరక. అది వేసి చేస్తే నీళ్ళు గబగబా జారిపోయి కప్పులో పుల్లటి రంగునీళ్ళు మిగిలేవి. అక్క ఒక గుక్క తాగి సింకులో పారబోసేది.

"నా కాఫీ నేను చేసుకుని తాగితే చాలురా. ఇంకేమీ అక్కర్లేదు నాకు" అందొకరోజు.

ఆవిడ నోరు తెరిచి తనకోసం ఏదైనా అడగడం తమ్ముడు వినడం అదే మొదలు. ఇక అతను నిలుస్తాడా? నెల రోజులు కనపడ్డ కొట్టల్లా ఎక్కి దిగాడు. కాఫీ కొట్లలో వాడే పెద్ద మరల్లో నిన్నటి పొడి ఎంతోకొంత ఇరుక్కుని ఉంటుంది. రోజుకి వందల కప్పులు పోసేవాళ్ళకి అదో లెక్క కాదు గాని, ఇంట్లో రెండు కప్పులకి కుదరదు. ఒక్క కప్పుకి సరిపడా పద్దెనిమిది గ్రాముల గింజలు తూచి వేస్తే, ఆ పద్దెనిమిదీ పొడై బయటికి రావాలి. అలాంటి మంచి ఎలక్ట్రిక్ మర కొనాలంటే అతనికి రెండు నెలల జీతం కావాలి. వాళ్ళకి అందే ధరలో చివరికి రెండే మిగిలాయి. ఒకటి బటన్ నొక్కితే తిరిగే చిన్న మర, రెండోది చేత్తో తిప్పుకునే స్టీలు మర. ధర ఇంచుమించు ఒకటే.

ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. అమ్మే ఆవిడ రెంటినీ బల్ల మీద పెట్టింది. అతను ఎలక్ట్రిక్ దాని మూత తీసి, లోపలి పళ్ళచక్రాన్ని వేలితో అటూ ఇటూ నొక్కాడు. కదిలింది. ముఖం చిట్లించాడు.

"చూశావా అక్కా, ఇరుసు ఊగుతోంది. సగం పిండి, సగం నూక పడుతుంది. నాలుగు రోజుల్లో మూలకి చేరుతుంది." స్టీలు మరని చేతిలోకి తీసుకుని పిడి ఒక్కసారి తిప్పి వదిలాడు. చప్పుడు లేకుండా తిరిగి తిరిగి ఆగింది. "ఇదీ పనితనమంటే! వెంట్రుకవాసి ఊగితే నన్నడుగు. దీనికి రెట్టింపు ధర పెట్టినా ఇలాంటి పళ్ళు ఎలక్ట్రిక్ దాంట్లో రావు."

అక్క స్వెట్టర్ జేబుల్లోంచి చేతులు తీయలేదు.

"ఆ బటన్‌దే తీసుకుందాంరా" అంది.

"ఎందుకూ?"

అక్క నీళ్ళు నమిలింది. "తేలిగ్గా ఉంటుంది కదా."

"ఇరవై ఆరేళ్ళు కాఫీ పోసినదానివి, నువ్వు కూడా బటన్ చూసి పడిపోతే ఎలా అక్కా!"

అమ్మే ఆవిడ నవ్వింది. అక్క కూడా నవ్వింది. "సరే, వాడు చెప్పిందే ఇవ్వండి. మరల సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది" అంది. అతను పొంగిపోయాడు. ఇరుసు ఊగడం కనిపెట్టిన మహానుభావుడికి, పక్కనున్న మనిషి అంతసేపూ ఒక్క వస్తువునీ చేత్తో తాకలేదన్నది కనపడలేదు.

ఇంటికొచ్చాక అక్క రోజుకో వంక చెప్పింది. కొత్తగా వేయించిన గింజలు పదిరోజులు ఆరాలట. పదిరోజులయ్యాక, ఇంకో నాలుగు రోజులాగితే రుచి బాగా దిగుతుందట. కాఫీ విషయంలో అక్క మాటకి తిరుగేముందని అతను నోరు మూసుకున్నాడు.

పదిహేనో రోజున ఫ్యాక్టరీలో కరెంటు పోయి, మధ్యాహ్నమే అందర్నీ పంపించేశారు. అతను తాళం తీసి లోపలికొచ్చేసరికి అక్క వంటగదిలో నేల మీద కూర్చుని ఉంది. అల్మరాకి వీపు ఆనించి, మరకి తడి తువ్వాలు చుట్టి, దాన్ని రెండు మోకాళ్ళ మధ్య గట్టిగా బిగించుకుని, పిడిని మోచేతి వంపుతో నెడుతోంది. గింజలు నేలంతా చెల్లాచెదురుగా పడున్నాయి. మోకాళ్ళ నొప్పులన్న మనిషి మోకాళ్ళకి ఏమీ కాలేదు. కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకుని, వాడిన ఆకుల్లా వేలాడుతున్నాయి.

అతను చెప్పులతోనే వంటగదిలోకి వచ్చేశాడు.

"అక్కా, ఏంటిది?"

"ఇవాళ నాలుగు చుట్లు తిప్పానురా" అంది అక్క, చిన్నపిల్లలా, దొరికిపోయినందుకు సిగ్గుపడుతూ. "నిన్న మూడే."

అప్పుడు చెప్పింది. నరాల జబ్బట. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమ. ఎడమచెయ్యి ఇంకా వస్తువులు పట్టుకోగలదు గాని, మర తిప్పేంత బలం దానికీ లేదు. మందులతో కాస్త ఆలస్యం చేయగలరు గాని, పోయిన బలం తిరిగి రాదన్నాడు డాక్టరు. పని మానేసిన నెలలో కొట్టులో పదకొండు కప్పులు జారవిడిచింది. ఆఖరిది ఒక పసిపిల్ల పక్కన పడింది. ఆ సాయంత్రమే ఏప్రాన్ విప్పి ఇచ్చేసింది.

"మరి ఈ మర కొన్నరోజే చెప్పలేదేం?" అని అరిచాడు.

"ఆ స్టీలు మర పట్టుకున్నప్పుడు నీ ముఖం ఎంత వెలిగిపోయిందో నువ్వు చూసుకోలేదు."

అతను గింజలు ఏరుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అక్క మెల్లగా అంది: "దీన్ని ఎవరికైనా అమ్మేసి, వచ్చినకాడికి ఆ బటన్‌ది తెద్దాంరా. ఊగితే ఊగనీ."

బుద్ధున్నవాడైతే ఆ పూటే బయల్దేరేవాడు. ఇతను సూది మాస్టారాయె.

"ఇంత మంచి మరని సగం ధరకి అమ్ముకుంటామా? నేనెందుకున్నాను! కుట్టుమిషన్ మోటారు పెడతా దీనికి. నువ్వు కాలితో పెడల్ తొక్కితే చాలు, అదే తిరుగుతుంది. వారం ఓపిక పట్టు."

అక్క అతని ముఖంలోకి చూసి, సరేనంది.

మొదటి వారం మోటారు మరీ వేగంగా తిరిగి గింజలు గోడలకి కొట్టుకున్నాయి, పొడి మాడు కంపు కొట్టింది. వేగం తగ్గించడానికి పళ్ళచక్రాలు వెతికి తెచ్చేసరికి ఇంకో రెండు వారాలు. బెల్టు జారిపోతే మార్చాడు. నాలుగోవారానికి మర చక్కగానే తిరిగింది. అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"బాగానే ఉంది కదరా. ఇక చాల్లే, ఇటివ్వు."

"లేదక్కా, అతుకు దగ్గర కొంచెం ఊగుతోంది. నీకు తెలీదు, ఊరుకో" అని మళ్ళీ ఊడదీశాడు.

ఆ వారాల్లోనే అక్క స్వెట్టర్ గుండీలు అతను పెట్టడం మొదలుపెట్టాడు. అన్నం గిన్నె కింద జారకుండా రబ్బరు ముక్క అతికించాడు. చెంచా కాడకి గుడ్డ చుట్టి లావు చేశాడు. తర్వాత ఆ చెంచా కూడా తనే పట్టుకోవాల్సి వచ్చింది. అన్నీ ప్రేమగానే చేశాడు. ఈ పనుల పక్కన మర పని పెట్టి, అక్క చేతులకి ఇంకెన్ని రోజులు మిగిలాయో లెక్కవేసుకోవడం మాత్రం అతనికి తట్టలేదు.

వారమన్నది ఏడువారాలైంది. ఒక ఆదివారం పొద్దున మర సిద్ధమైంది. ఎక్కడా ఊగలేదు. అక్క పెడల్ మీద పాదం ఆనించగానే మెత్తగా తిరిగింది. పద్దెనిమిది గ్రాములు వేస్తే పద్దెనిమిదీ పడింది. అతను పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి చప్పట్లు కొట్టాడు.

ఇక ఆ పొడిని పిడి ఉన్న గిన్నెలో నింపి, అదిమి, గిన్నెని యంత్రానికి తగిలించి మెలితిప్పాలి. అక్క ఎన్నివేలసార్లు చేసిందో లెక్కలేని పని. రెండు చేతులూ చాపింది. వేళ్ళు పిడి చుట్టూ మూసుకోలేదు. మణికట్ల మధ్య పట్టుకుని లేపితే గిన్నె ఒరిగిపోయి పొడి బల్ల మీద పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టబోతే "ఆగు" అంది. మళ్ళీ పొడి చేయించింది. ఈసారి గిన్నె యంత్రం దాకా వెళ్ళింది గాని మెలితిరగలేదు. చెయ్యి జారిపోయింది. మూడోసారి పెడల్ మీద కాలు పెట్టి, ఎందుకో తీసేసింది.

"నువ్వు చెయ్యరా" అని పక్కకి జరిగి నిలబడింది.

ఎంత అదమాలో, ఎప్పుడు ఆపాలో ఆవిడ చెబుతుంటే అతను చేశాడు. కప్పు ఆవిడ నోటికి అందించాడు. అక్క రెండు గుక్కలు తాగి, చాలంది.

కప్పు కింద పెట్టాక అతను అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఆ రోజు నువ్వడిగిన బటన్‌దే కొనుంటే..."

అదేం లేదులేరా అంటుందని ఎదురుచూశాడు. కిటికీ అవతల బస్సు వచ్చి ఆగి, మనుషుల్ని దింపి వెళ్ళిపోయింది. అక్క బల్ల మీది పొడి వంకే చూస్తోంది.

"రెండు నెలలు నా కాఫీ నేను చేసుకునేదాన్నిరా" అంది.

అందులో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, బల్ల కాలికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క కుడిచేతిని ఎడమ మణికట్టుతో ఎత్తి అతని తల మీద పెట్టింది. నిమరడం చేతకాక, దాన్ని అలాగే ఉంచేసింది.