బండి ముందు చోటు
నిన్న మనవరాలి పుస్తకంలో ఈజిప్టు రాణి బొమ్మ చూశాను. చిన్నప్పుడు జమ్మలమడుగులో మేకలు మేపుకుంటూ బడి కిటికీ బయట నిలబడి ఆమె కథ సగమే విన్నాను. ఇంతలో నా మేకలు ఎవరి చేలోనో పడ్డాయి. నేను విన్నంతలో, ఆ రాణి ముందు ఒక సేనాపతితో, తర్వాత ఇంకొకరితో మనసు కలిపి సింహాసనం నిలబెట్టుకుందట.

వేరుశనగ చేనికి పోయే బండిలో ముందు చోటు కోసం నేనూ అదే చేశాను. వంతులవారీగా బండి తోలే ఇద్దరు మేనబావలకూ “నిన్నే చేసుకుంటా” అని విడివిడిగా మాటిచ్చాను.

వారంలోనే ఇద్దరూ కలిసి బండి మీదే నన్ను నిలదీశారు. “ఏమ్మే, ఎవర్ని చేసుకుంటాండావు?”

“ఆ పొద్దు బండి ఎవరు తోలితే వాళ్లని!”

చేనికి మాతో వస్తున్న మా అవ్వ నవ్వుతూ పగ్గాలు లాక్కుంది. “దిగండ్రా! బండి నేను తోల్తా. నువ్వు ఎనక గంపల కాడ కూచో మే.”

వయసు మళ్లాక నేర్చిన అక్షరాలతో నిన్న మిగతా సగం కూడబలుక్కుని చదివాను. చివరికి సేనాపతులిద్దరూ పోయి, రాణి సింహాసనమూ పోయిందట. అది అప్పుడే తెలిసుంటే, బావలను వదిలి బండి తోలడం నేర్చుకునేదాన్ని.