కచ్చాకుట్టు వేసిన ఆఖరి భాగం

మా కుట్టు షాపులో అందరూ ఆవిడని పిన్ని అనే పిలుస్తారు. ఆవిడకంటే వయసులో పెద్దవాడైన ఓనరు కూడా అంతే, కాకపోతే చివర ఒక ‘గారు’ తగిలిస్తాడు. కటింగు బల్ల ఆవిడది. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతున్నా పట్టించుకోకుండా, మందపాటి గుడ్డని కత్తెరతో సరసరా కోసుకుంటూ పోతుంది. మేం కుట్టేవి నర్సుల యూనిఫాంలు, బడిపిల్లల చొక్కాలు. నా పని ఇస్త్రీ. నా బల్ల తలుపు పక్కనే ఉంటుంది కాబట్టి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పని ఎగ్గొట్టి కబుర్లాడేవాళ్ళు అందరూ నా కళ్ళముందే. ఒకరి మాట ఇంకొకరికి మోయను గానీ, చూడకుండా ఉండమంటే మాత్రం నావల్ల కాదు.

పిన్నికి కత్తెర పట్టడం నేర్పింది వాళ్ళ మేనమామ. గీత కాస్త పక్కకి పోతే స్కేలుతో వేళ్ళమీద ఒక్కటిచ్చేవాడట. బడి మధ్యలోనే మానేసినా పుస్తకాల పిచ్చి మాత్రం వదల్లేదు. భర్త లారీ డ్రైవరు. ఇంట్లో కంటే రోడ్లమీదే ఎక్కువ ఉండేవాడు. ఇంట్లో ఒక మనిషి గొంతైనా వినపడాలని, కొత్త కాపురంలో పైకి చదువుకోవడం అలవాటు చేసుకుందట. ఆ అలవాటు ఒకరోజు మా షాపుకి వచ్చింది. కరెంటు పోయి మిషన్లన్నీ ఆగిపోయిన మధ్యాహ్నం, పాత పుస్తకాల బండి మీద కొన్న డిటెక్టివ్ నవల సంచీలోంచి తీసి తనలో తను చదువుకుంటున్నట్టే పైకి చదవడం మొదలుపెట్టింది. కరెంటు వచ్చింది. ఎవరూ మిషను తొక్కలేదు. ఓనరు లోపలినుంచి వచ్చి గొంతు సవరించుకున్నాడు, తిడతాడనుకున్నాం, “తర్వాత ఏమైంది?” అన్నాడు.

అప్పటినుంచి భోజనాల వేళ పిన్ని చదవాలి, మేం వినాలి. ఆవిడది కంచు గొంతు. నిజం చెప్పాలంటే నాకు ఆ హత్యల గొడవ ఎక్కదు, సగం కథలో కునుకు తీస్తాను. అయినా ఆ గొంతు అలా నడుస్తూ ఉంటే పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళనొప్పి కూడా కాస్త సర్దుకునేది.

ఈసారి దొరికిన నవల దిట్టమైనది, దిండులా ఉంది. ఎన్ని చేతులు మారి వచ్చిందో, విప్పగానే వెన్ను ఊడి ముక్కలైంది. మావాళ్ళు ఊరుకుంటారా? నాలుగు భాగాలు చేసి, దళసరి దారంతో మిషను మీద కుట్టి, ఒక్కో భాగానికి మిగిలిపోయిన గుడ్డపీలికతో అట్ట వేశారు. విన్న భాగం ఇళ్ళకి పోవచ్చు. కాజాలు కుట్టే వదిన వాళ్ళ అత్తగారికి ఇస్తుంది, ఆవిడ పక్కింటికిస్తుంది, గుడ్డ అంచులకి ఓవర్‌లాక్ కొట్టే బాబాయి భార్యకిస్తాడు, అక్కడినుంచి ఎక్కడికి పోతుందో దేవుడికెరుక. నూనె మరకలతో, పిల్లల పెన్సిలు గీతలతో తిరిగొచ్చేది. కానీ పిన్ని చదవని భాగాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. షాపులో ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు అది.

కథలో ఒక షావుకారు లోపల గడియపెట్టిన గదిలో చచ్చిపడి ఉంటాడు. డాక్టరు, మేనల్లుడు, వంటమనిషి, ముగ్గురిమీదా అనుమానమే. మూడో భాగం చివరికొచ్చేసరికి పిన్ని గొంతు బొంగురుపోవడం మొదలైంది. జలుబన్నాం. జలుబు కాదు. ఒకరోజు అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“గొంతులో గడ్డ ఉందట, అమ్మాయ్. కోసి తియ్యాలట.”

“తీస్తే పోతుందిగా పిన్నీ.”

“గడ్డ పోతుంది. గొంతు ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు. చేతులు బాగానే ఉన్నాయిగా, కత్తెర పట్టుకుంటే చాలు అంటాడు మా ఆయన. కానీ నాకు భయంగా ఉంది.” ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచింది. “చదవలేకపోతే ఇక్కడ నేనెవరిని?”

నేను ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, అంతే.

మర్నాడు సెలవు మీద వెళ్తూ, ఆఖరి భాగం అంచుల చుట్టూ తెల్లదారంతో కచ్చాకుట్టు వేసేసింది. కొలత చూసేటప్పుడు గుడ్డకి తాత్కాలికంగా వేసే కుట్టు అది, లాగితే ఊడొస్తుంది. “నేనొచ్చి విప్పుతాను. అప్పటిదాకా షావుకారు అలాగే పడి ఉంటాడు” అని పుస్తకాన్ని తన సొరుగులో పెట్టి పోయింది.

షావుకారు పడి ఉన్నాడు గానీ మావాళ్ళు కుదురుగా ఉండలేదు. ముందు కాజాల వదిన. దారపు రీలు కావాలని పిన్ని సొరుగు తెరిచి, చెంగులో ఏదో దాచుకుని గుడ్డల గదిలోకి దూరింది. చాలాసేపటికి బయటికొచ్చి, సూదీ దారం పట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది. తర్వాత ఓవర్‌లాక్ బాబాయి. ఎప్పుడూ లేనిది గుడ్డల గది తుడుస్తానన్నాడు. మూడోవాడు ఎవరనుకుంటున్నారు, సాక్షాత్తూ మా ఓనరు. పట్టపగలు గది తలుపు వేసుకుని స్టాకు లెక్క చూసుకుంటున్నాననే పెద్దమనిషిని ఏమంటాం? అందరూ దొంగలే, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు అందరి సంగతీ తెలుసు. నవ్వాపుకోలేక నీళ్ళు తాగే వంకతో బయటికి పోయేదాన్ని.

అయితే చదివినవాళ్ళ మొహాల్లో తృప్తి లేదు. కాజాల వదిన భోజనం దగ్గర డబ్బా మూత తీసి అలాగే కూర్చునేది. “పిన్ని లేకపోతే అన్నం కూడా చప్పగా ఉంది” అంది ఒకసారి. అది చేసిన పాపం తాలూకు చప్పదనం అని నాకు అనిపించింది.

ఆపరేషను అయిందని, చెడ్డ గడ్డ కాదని కబురొచ్చిన రోజు ఓనరు మిషన్లన్నీ ఆపించి తనే వచ్చి చెప్పాడు. చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గుండెల మీద బరువు దిగింది. అయితే సగమే దిగింది. గొంతు సంగతి ఇంకా తెలియదు.

పిన్ని పనిలోకి వచ్చింది, మెడకి పట్టీతో. మాట్లాడకూడదన్నారు. సుద్దతో గుడ్డమీద రాసి చూపించేది, చేతులతో సైగ చేసేది, బాబాయి ఒక చొక్కాకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టినప్పుడు మాత్రం స్కేలు చూపించింది. వాళ్ళ మేనమామ అంశ అక్కడ కనపడింది. నవ్వితే శబ్దం వచ్చేది కాదు. అది చూడలేక నేను పెట్టె మీదకి తల వంచేసేదాన్ని.

చివరికి డాక్టరు పలకమన్నాడు. రోజూ కొద్దిసేపే, అరవకూడదు, అలసిపోకూడదు. ఆ మధ్యాహ్నం పిన్ని సొరుగు తీసి పుస్తకం పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అందరం చుట్టూ చేరాం. ఆవిడ కచ్చాకుట్టు మీద వేలు పోనిచ్చి చూసింది, ఒక్కొక్కరి మొహం చూసింది, దారం లాగింది. నోరు తెరిచింది.

గొంతు పలికింది. మునుపటి కంచు కాదు, కాస్త జీర ఉంది, మధ్యలో ఒక అక్షరం తడబడింది. కానీ అది పిన్ని గొంతే. కాజాల వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బల్లని పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఎంత భయపడ్డానో అప్పుడు తెలిసింది.

పిన్ని నాలుగు వాక్యాలు చదివి, పేజీ తిప్పి, అదే ధోరణిలో చదువుకుపోయింది. “అప్పుడు ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, ఈ హత్య చేసింది మరెవరో కాదు, వంటమనిషి అన్నాడు.”

“వంటమనిషేంటి, డాక్టరు కదా” అన్నాడు బాబాయి.

“అవును, మందుసీసా మార్చింది డాక్టరేగా” అంది వదిన.

“పిన్నిగారూ, మీరు పేజీ తప్పినట్టున్నారు” అన్నాడు ఓనరు.

అని, ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పిన్ని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“వంటమనిషి సంగతి నేను కల్పించిందే. ఆసుపత్రి కంగారులో అడ్డదిడ్డంగా వేశాను ఆ కుట్టు” అంది మెల్లిగా. “ఇదేమో దారం పెట్టి కొలిచినట్టుంది. దొంగతనం చేసినా పని నీటుగా చెయ్యాలా మీకు?”

తలలు దించుకున్నారు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. “తిట్టండి పిన్నీ, తప్పే” అంది వదిన. “కానీ అలా చదివితే ఏం బాగోలేదు. హంతకుడు దొరికాడు, అయితే ఏంటి అనిపించింది. మీరు మొదటినుంచి చదవండి.”

“అంతా తెలిసిపోయాక ఏముంది వినడానికి?”

“మీరు చదివితే వినలేదుగా.”

పిన్ని నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కళ్ళు తుడుచుకుని, ఆఖరి భాగం మొదటి పేజీ తీసి చదివింది. రెండో పేజీ సగంలో గొంతు అలసింది, ఆపేసింది. ఇంకాస్త అని ఎవరూ అడగలేదు. డాక్టరు మాట డాక్టరు మాటే. అలా రోజుకింత చొప్పున ఆ భాగం సాగుతూనే ఉంది. నేను కునుకు తీయడం మానేశాను. సాయంత్రం షట్టరు దించేటప్పుడు, హంతకుడు డాక్టరని తెలిసిన మేమందరం రేపు ఏమవుతుందో అని మాట్లాడుకుంటూ ఇళ్ళకి పోతున్నాం.