మామయ్య ఎడమకాలు

మొన్న మాన్వి నుంచి బస్సులో వస్తుంటే ముందు పోతున్న ఇసుక లారీ నుంచి మాడు వాసన గుప్పున కొట్టింది. పక్క సీటాయన టైరు కాలుతోందన్నాడు. టైరూ కాదు, బ్రేకూ కాదు, అది క్లచ్చి ప్లేటు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఈ రోజుల్లో మనల్ని అడిగిందెవరు గనక. కానీ ఆ వాసన ముక్కుకు తగలగానే నేను మళ్లీ పడుచువాణ్ణయిపోయి, తుంగభద్ర కాలవ కింద మా క్యాంపులో, మా మేనమామ పాత కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను.

మన ఈడు వాళ్లకు ఆ రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. కాలవ నీళ్లొచ్చిన కొత్తల్లో కోస్తా నుంచి జనం ఈ కన్నడ సీమకు వచ్చి, నల్లరేగడి కొని, గుడిసెలు వేసుకుని, వాటికి క్యాంపులని పేరు పెట్టుకున్న కాలం. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచిన మామయ్య తన పెళ్లాంపిల్లలతో పాటు నన్నూ రైలెక్కించి తీసుకొచ్చాడు. మా క్యాంపు మల్లట్ ఊరికి అవతల. వాన పడిందంటే ఆ మట్టి పట్టుకున్న కాలును వదిలేది కాదు. ఒకపక్క కాలవ, ఒకపక్క వరిమళ్లు, మధ్యన బండి పట్టేంత గట్టు, ఆ గట్టు దాటితేనే లోకం. వరి కలిసొచ్చిన ఏడాది మామయ్య ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాడు. దాన్ని బాగుచెయ్యడం నా మెడకు పడింది.

పడితే పడింది గానీ, నాకు ఆ పని ప్రాణమైపోయింది. ఇంజను అరుస్తూ కారు మాత్రం ముందుకు పోనంటే ప్లేటు జారుతున్నట్టు. గేరు వెయ్యబోతే కర్రుమని అరిస్తే క్లచ్చి పూర్తిగా విడవడం లేదన్నట్టు. పెడలు మీద కాలు ఆనించగానే లోపల తుమ్మెద రొద మొదలైతే బేరింగు పని అయిపోయినట్టు. అప్పటికీ అనుమానం తీరకపోతే హ్యాండుబ్రేకు బిగించి, టాపు గేరు వేసి, క్లచ్చి వదిలి చూడాలి: ఇంజను చచ్చిందా ప్లేటు బతికున్నట్టు, ఇంజను బతికిందా ప్లేటు చచ్చినట్టు. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

రాయచూరులో మోటారు సామాన్లు అమ్మే సేటు ఒకాయన ఉండేవాడు, తాతల నాటి నుంచి అక్కడి వాళ్లే, మన తెలుగే గానీ పలుకుబడి వేరు. ప్లేటు కోసం మాటిమాటికీ వెళుతుంటే నా వాలకం చూసి, ఒకనాడు నన్ను కూచోబెట్టి చాయ్ తాగించాడు. "ఆ బురదల ఎన్నొద్దులుంటవ్? నా రిపేరు షెడ్ల పనుంది, ఈడికి రా. దసరా లోపల రాకుంటే ఇంకోన్ని పెట్టుకుంట, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. రాయచూరు అంటే కరెంటు దీపాలు, రైలు కూత, కాలికి బురద అంటని వీధి. ఎలాగైనా పోవాలి.

మామయ్యతో చెబితే కాదనలేదు. కారు ఒక దారికి రానీ, వెళుదువుగాని అన్నాడు. న్యాయమైన మాటే కదా అని నేనూ తలూపాను. ఆ కారు దారికి వస్తేగా! ప్లేటు వేసి, పెడలు తొక్కితే మొదట కాస్త ఖాళీ ఉండేలా రాడ్డు సరిచేసి, నేను నడిపి చూస్తే వెన్నలా పోయేది. మామయ్య చేతిలో కొన్నాళ్లు తిరిగిందో లేదో మళ్లీ మాడు వాసన. జిడ్డేమో అనుకున్నాను, స్ప్రింగులేమో అనుకున్నాను, ఫ్లైవీలే వంకరేమో అని దాన్నీ విప్పాను. ఆ గట్టూ, ఆ కారూ కలిసి నన్ను కట్టిపడేశాయని రాత్రింబవళ్లు కుమిలిపోయాను.

మా ఇళ్లలో ఒక మర్యాద ఉండేది, మేనమామ కారు నడుపుతుంటే మేనల్లుడు పక్కన సమానంగా కూచోడు, వెనకే కూచుంటాడు. ఒకసారి విత్తనాల బస్తాలతో వెనక సీటు నిండిపోయి, ముందు కూచోక తప్పలేదు. మామయ్యకు వాహనం లక్ష్మి, అందుకని చెప్పులు బయటే విడిచి ఎక్కేవాడు. ఆ వట్టికాలు, ఎడమది, గట్టు పొడుగునా క్లచ్చి పెడలు మీదే ఉంది. అలా కాలు ఆనించే ఉంచితే ప్లేటు జారిజారి మాడిపోతుంది. ఇన్నాళ్లూ ప్లేటును తిన్నది అదీ! కాలవలో పడిపోతామన్న భయంతో పెట్టుకున్నాడనుకున్నాను. పెద్దవాడికి తప్పు చెప్పడమెలాగా అని నేను మాటలు వెతుక్కుంటుండగానే, గట్టు మధ్యలో, సన్నటి వానలో, ఇంజను అరిచి కారు నిలిచిపోయింది. దిగుదామంటే మోకాలి లోతు రొచ్చు.

ఇక ఆగలేక, మామయ్యా, ఆ కాలు తీసేస్తే కారుకు ఏ రోగమూ ఉండదు అని చెప్పేశాను. ఆయన నావైపు తిరగలేదు. అద్దం మీద కారే నీళ్లనే చూస్తూ, "తెలుసురా. కాలు తీస్తే కారు బాగుంటుంది, నువ్వుండవు" అన్నాడు.

నాకు ముందొచ్చింది కోపం. ఏడుపు తర్వాత వచ్చింది. కొడుకుల్లేని మనిషి, ఊరుగాని ఊరు, భాష రాని చోటు, ఇంటినిండా ఆడపిల్లలు. ఉండిపోరా అని నోటితో అడిగితే ఆయన సొమ్మేం పోయింది? అడగలేదు. కాలు పెట్టుకుని కూచున్నాడు.

ఎడ్లు కట్టి కారును ఇంటికి లాగించాం. ప్లేటు మార్చాను. దసరా దగ్గర పడ్డాక పెట్టె సర్దుకుంటే, మాన్విలో బస్సెక్కిస్తానని మామయ్యే కారు తీశాడు. ఎడమకాలు పెడలుకు దూరంగా మడిచి పెట్టుకున్నాడు. కారు అంత మెత్తగా ఎన్నడూ పోలేదు. గట్టు సగం దాటేసరికి, వెనక్కి పోదాం మామయ్యా అన్నాను. తిప్పడానికి చోటు లేదు గనక, మెడ వెనక్కి తిప్పి, ఆ దారంతా రివర్సులోనే ఇంటికి తెచ్చాడు.

ఆయన పెద్దకూతురే మా ఆవిడ. షెడ్డు పని ఇంకెవరికో పోయింది, నేను వరి పండించుకుంటూ ముసలివాణ్ణయ్యాను. ఇవాళ్టికీ ఒక్కోసారి ఆయన మీద ఒళ్లు మండుతుంది, ఆయన లేడు గనక ఎవరిమీద చూపించుకోను! ఇప్పుడా గట్టు మీద తారు రోడ్డు, ఇంటికో బండి, ఎవరెటు పోయినా ఎవరూ ఆపరు. మంచిదే. పోయిన నెల రాయచూరు వెళ్లి కొన్నాళ్లు ఉండొస్తానంటే ఇంట్లో అందరూ హాయిగా వెళ్లి రమ్మన్నారు. ఎవరో ఒకరు వద్దంటారేమోనని, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను.